ఐదు పాయింట్ల తేడా ఎక్కడ పుట్టింది? విద్యార్థి జట్ల టీవీ క్విజ్ లెక్కలు

క్లుప్తంగా: బ్రిటన్ టీవీలో వచ్చే విద్యార్థి జట్ల పోటీ యూనివర్సిటీ ఛాలెంజ్ తరహా క్విజ్‌లో ఐదు పాయింట్లతో గెలిస్తే, నియమాలు అనుమతించే అతి చిన్న తేడాతో గెలిచినట్టు. సమాన బలమున్న జట్ల మధ్య కూడా అంత దగ్గరి స్కోరు అరుదు. ఒకే తీరు జట్ల మధ్యే కాదు, ఒక జట్టు బజర్ వేగాన్ని ఇంకో జట్టు బోనస్ (అదనపు ప్రశ్నల) బలం సరిచేసినప్పుడు కూడా అలా జరుగుతుంది. తొందరపడి బజర్ నొక్కి తప్పు చెబితే పడే కోత, గడియారం, స్కోర్లు సమానమైతే విజేతను తేల్చే టై బ్రేకర్ నియమం కలిసి ఆ చిన్న తేడా ఎటు పడాలో తేలుస్తాయి.

2025 మే నెలలో బ్రిటన్‌లో బీబీసీ టూ ఛానెల్‌లో యూనివర్సిటీ ఛాలెంజ్ ఫైనల్ ప్రసారమైంది. కేంబ్రిడ్జ్‌లోని క్రైస్ట్స్ కాలేజీ జట్టుకు 175 పాయింట్లు, వార్విక్ యూనివర్సిటీ జట్టుకు 170. మొత్తం 28 జట్లతో మొదలై, నెలల తరబడి వారానికొకటి చొప్పున ప్రసారమయ్యే 37 మ్యాచ్‌ల టోర్నమెంటు అది. అంత ప్రయాణం చివర రెండు జట్లను వేరుచేసింది ఐదంటే ఐదు పాయింట్లు.

ఇలాంటి మ్యాచ్ ముగిశాక ప్రేక్షకుల మాటలు ఎక్కువగా చివరి నిమిషం చుట్టూనే తిరుగుతాయి. ఆ ఒక్క ప్రశ్న చెప్పి ఉంటే గెలిచేవాళ్లే కదా, ఆ ఒక్కసారి తొందరపడకుండా ఉండాల్సింది కదా అని. ఆ బాధ సహజమే. కానీ స్కోరు బోర్డును విప్పి చూస్తే కథ వేరుగా కనిపిస్తుంది. దానికి ముందు ఈ ఆటలో పాయింట్లు ఎలా వస్తాయో తెలియాలి.

ఆట నియమాలు

ఈ తరహా క్విజ్ పుట్టిల్లు అమెరికా. అక్కడ 1953లో రేడియోలో మొదలైన 'కాలేజ్ బౌల్' 1959లో టీవీకి వచ్చింది. దాన్ని ఆధారం చేసుకుని బ్రిటన్‌లో 1962 సెప్టెంబరు 21న యూనివర్సిటీ ఛాలెంజ్ మొదలైంది. 1987 వరకు బాంబర్ గాస్కోయిన్ దాన్ని నడిపారు. మధ్యలో ఆగి 1994లో మళ్లీ మొదలయ్యాక 2023 వరకు జెరెమీ పాక్స్‌మన్, ఆ తర్వాత కోల్‌కతాలో పుట్టిన అమోల్ రాజన్ క్విజ్ మాస్టర్లు. సిద్ధార్థ బసు నిర్వహణలో దీని భారతీయ రూపం కూడా కొంతకాలం వచ్చింది.

ఒక్కో జట్టులో నలుగురు. తెర మీద ఒక జట్టు పైన, ఇంకో జట్టు కింద ఉన్నట్టు కనిపిస్తుంది గానీ అది కెమెరా ఏర్పాటు మాత్రమే. స్టూడియోలో రెండు జట్లూ పక్కపక్కనే కూర్చుంటాయి.

ముందు స్టార్టర్ ప్రశ్న వస్తుంది. విలువ 10 పాయింట్లు. ఎవరికి వారే బజర్ నొక్కి చెప్పాలి, జట్టులో సంప్రదింపులు కుదరవు. సరైన జవాబు చెప్పిన జట్టుకు మూడు బోనస్ ప్రశ్నలు వస్తాయి, ఒక్కోదానికి 5 పాయింట్లు. వీటికి నలుగురూ గుసగుసగా చర్చించుకోవచ్చు, జవాబు కెప్టెన్ చెబుతారు. బోనస్ తప్పితే కోత లేదు, ఆ ప్రశ్న ఎదుటి జట్టుకు వెళ్లదు కూడా.

కోత ఉన్నది ఒక్కచోటే. స్టార్టర్ ప్రశ్న ఇంకా చదువుతుండగానే బజర్ నొక్కి తప్పు చెబితే 5 పాయింట్లు పోతాయి. అప్పుడు ఎదుటి జట్టుకు మిగతా ప్రశ్న మొత్తం వినిపిస్తారు. ప్రశ్న పూర్తయ్యాక నొక్కి తప్పు చెబితే ఏమీ పోదు.

అంటే ఈ ఆటలో స్కోరు ఎప్పుడూ ఐదు గుణిజాల్లోనే ఉంటుంది. 175, 170 మధ్య ఇంకో స్కోరుకు చోటే లేదు. ఒక బోనస్ ప్రశ్న అటు పడినా, ఒక తప్పుడు తొందర ఇటు లేకపోయినా రెండు జట్లూ సమానమయ్యేవి.

దగ్గరి స్కోరు ఎందుకు అరుదు

సమాన జట్లు ఆడితే స్కోర్లు కూడా దగ్గరగానే ఉంటాయని చాలామంది అనుకుంటారు. లెక్క వేసి చూస్తే అలా ఉండదు.

ఒక మ్యాచ్‌లో 20 స్టార్టర్లకు జవాబులు వచ్చాయనుకుందాం. రెండు జట్లూ అచ్చంగా సమానం, కాబట్టి ప్రతి స్టార్టరూ ఎవరికి దక్కుతుందన్నది నాణెం ఎగరేసినట్టే. నాణేన్ని 20 సార్లు ఎగరేస్తే సరిగ్గా పది బొమ్మ, పది బొరుసు పడే అవకాశం 18 శాతం కూడా లేదు. 11-9గా పడే అవకాశం దాదాపు 32 శాతం. మిగిలిన సగం సందర్భాల్లో 12-8 గానీ అంతకన్నా పెద్ద తేడా గానీ వస్తుంది.

ఇప్పుడు పాయింట్లు చూద్దాం. మూడు బోనస్‌లలో సగటున సగం చెబుతారనుకుంటే ఒక్కో స్టార్టర్ అసలు విలువ 17.5 పాయింట్లు. 12-8 అంటే నాలుగు స్టార్టర్ల తేడా, అంటే 70 పాయింట్లు. తెలివిలో, వేగంలో వెంట్రుకవాసి తేడా లేని రెండు జట్లు కూడా సగం సార్లు సుమారు 70 పాయింట్లు, లేదా అంతకన్నా ఎక్కువ తేడాతో ఆట ముగిస్తాయన్నమాట. 180-110 స్కోరు చూసి ఏకపక్షం అని తేల్చేసే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

స్టార్టర్లు సరిగ్గా 10-10గా పడినా పని అయిపోదు. రెండు జట్లకూ ముప్పయ్యేసి బోనస్‌లు వస్తాయి. వాటిలోనూ సమాన బలమే ఉన్నా, తేడా ఒక్క బోనస్‌కు మించకుండా ఉండే అవకాశం సుమారు 30 శాతమే. కాబట్టి ఐదు పాయింట్ల లోపు ముగిసే మ్యాచ్ అంటే సమాన జట్లకు కూడా రోజూ జరిగే పని కాదు.

నిజమైన ఆట నాణెం అంత శుభ్రంగా ఉండదు. సబ్జెక్టులు వంతులవారీగా వస్తుంటాయి. ఒక జట్టులో ఇద్దరు రసాయన శాస్త్రం విద్యార్థులు ఉండి ఆ రోజు ఆ ప్రశ్నలు తక్కువ పడితే ఆ జట్టు సగం బలంతో ఆడినట్టే. బోనస్ అంశం ఏదన్నది కూడా జట్టు చేతిలో ఉండదు. చరిత్ర స్టార్టర్ చెప్పి గెలిచిన బోనస్‌లు ఖగోళ శాస్త్రం మీద ఉండవచ్చు. చిత్రాల ప్రశ్నల్లో ఇంకో మెలిక ఉంది. చిత్రం చూపించిన స్టార్టర్‌ను ఎవరూ చెప్పలేకపోతే ఆ చిత్రాల బోనస్‌లు పక్కన పెట్టి, తర్వాత ఏ స్టార్టర్ ఎవరు చెబితే వారికి ఇస్తారు. చిత్రకళ అంటే బొత్తిగా తెలియని జట్టుకు ఒక గణితం జవాబు ద్వారా చిత్రకళ బోనస్‌లు వచ్చి పడొచ్చు.

ఒకే స్కోరు, మూడు దారులు

అసలు ఆసక్తికరమైన విషయం ఇక్కడుంది. 175-170 స్కోరు రావడానికి దారులు చాలా ఉన్నాయి. ఆ దారులు జట్ల గురించి పూర్తిగా వేర్వేరు కథలు చెబుతాయి. కింది మూడూ ఊహించి వేసిన లెక్కలు, 2025 ఫైనల్‌లో జరిగిన వివరాలు కావు.

మొదటి దారి. రెండు జట్లూ పదేసి స్టార్టర్లు చెప్పాయి, చెరి 100 పాయింట్లు. ఒక జట్టు 15 బోనస్‌లు, ఇంకో జట్టు 14 చెప్పింది. 175, 170. ఇది ఒకే అచ్చులో పోసినట్టున్న రెండు జట్ల కథ.

రెండో దారి. ఒక జట్టు 11 స్టార్టర్లు కొట్టింది, 110 పాయింట్లు. తన 33 బోనస్‌లలో 13 మాత్రమే చెప్పగలిగింది, 65 పాయింట్లు. మొత్తం 175. రెండో జట్టుకు 9 స్టార్టర్లే, 90 పాయింట్లు. కానీ 27 బోనస్‌లలో 16 చెప్పింది, 80 పాయింట్లు. మొత్తం 170. ఇక్కడ మొదటి జట్టు బోనస్‌లలో నూటికి 39 చెబితే, రెండో జట్టు 59 చెప్పింది. విషయ పరిజ్ఞానంలో రెండో జట్టే ముందుంది. గెలిచింది వేళ్లు చురుగ్గా ఉన్న జట్టు.

మూడో దారి. రెండు జట్లూ పదేసి స్టార్టర్లు, పదిహేనేసి బోనస్‌లు. అన్నింటా సమానం. కానీ ఒక జట్టు ఒకే ఒక్కసారి తొందరపడి ఐదు పాయింట్లు పోగొట్టుకుంది.

రెండో దారిని తిరగేసి చూసినా అదే స్కోరు వస్తుంది. 9 స్టార్టర్లు, 17 బోనస్‌లతో ఒక జట్టుకు 175. 11 స్టార్టర్లు, 12 బోనస్‌లతో ఎదుటి జట్టుకు 170. ఈసారి లోతు గెలిచింది, వేగం ఓడింది.

ఈ లెక్క నుంచి ఒక విషయం తేటగా తెలుస్తుంది. నరాలు తెగే మ్యాచ్ అంటే ఇద్దరు కవల సోదరుల పోరు అనుకోనక్కర్లేదు. ఒకరి లోటును ఇంకొకరి లోటు సరిచేసే రెండు వేరు వేరు స్వభావాల జట్లు తలపడినప్పుడు కూడా స్కోర్లు అలాగే ఒకదాన్నొకటి తరుముతాయి. చూసేవాళ్లకు టెన్షన్ కూడా ఇలాంటి మ్యాచ్‌లలోనే ఎక్కువ. ఒక జట్టు చకచకా రెండు స్టార్టర్లు లాక్కుని 20 పాయింట్లు ముందుకు పోతుంది, బోనస్‌లలో తడబడుతుంది. రెండో జట్టు ఒకే స్టార్టర్ పట్టుకుని మూడు బోనస్‌లూ చెప్పి 25 తెచ్చుకుంటుంది. ఆధిక్యం చేతులు మారుతూనే ఉంటుంది.

బజర్ మీద వేలు: తొందరకు ఖరీదెంత

స్టార్టర్ ప్రశ్నలు చాలావరకు కష్టమైన ఆధారంతో మొదలై తేలిక ఆధారంతో ముగుస్తాయి. విషయం లోతుగా తెలిసినవాళ్లు ముందే పట్టేయాలన్నది అందులో ఉద్దేశం. ఉదాహరణకు ఇలాంటి ప్రశ్న: "1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలి రంగు చూసి ఆలోచనలో పడి, కాంతి పరిక్షేపణంపై చేసిన కృషికి 1930లో భౌతిక శాస్త్ర నోబెల్ బహుమతి అందుకున్నది ఎవరు?" భౌతిక శాస్త్రం చదివినవాళ్లు సముద్రం మాట వినగానే సి.వి. రామన్ అని బజర్ నొక్కేస్తారు. మిగతావాళ్లు నోబెల్ సంవత్సరం దాకా ఆగాల్సి ఉంటుంది.

అదే ప్రశ్న చివర్లో ఇలా మలుపు తిరిగిందనుకోండి: "...నోబెల్ అందుకున్న శాస్త్రవేత్త అన్నగారి కొడుకు కూడా 1983లో అదే బహుమతి అందుకున్నారు. ఆయన ఎవరు?" జవాబు సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్. సముద్రం దగ్గరే నొక్కి రామన్ అన్నవాళ్లకు ఐదు పాయింట్ల కోత. ఎదుటివాళ్లకు చివరి మాట దాకా తీరిగ్గా వినే అవకాశం.

అందుకే తప్పుడు తొందర ఖరీదు ఐదు పాయింట్లు అనుకోవడం పొరపాటు. పైన అనుకున్న లెక్క ప్రకారం సరైన జవాబు విలువ 17.5. తప్పు చెబితే 5 పోవడమే కాక, ఎదుటి జట్టు ఆ ప్రశ్న చెప్పేస్తే వారికి 17.5 వస్తుంది. అంటే 22.5 నష్టం. ఒకే ఒక్క నొక్కుడులో ఒప్పుకీ తప్పుకీ మధ్య దూరం 40 పాయింట్లు. ఐదు పాయింట్లతో తేలిన మ్యాచ్‌లో ఇలాంటి క్షణాలు ఇరవై ఉంటాయి.

మరి ఎంత నమ్మకం ఉంటే నొక్కాలి? ఎదుటి జట్టు తప్పకుండా చెబుతుందనుకుంటే కనీసం 56 శాతం నమ్మకం ఉండాలి. వాళ్లు పదింట ఆరుసార్లే చెప్పగలరనుకుంటే 47 శాతం చాలు. మొత్తం మీద సగం నమ్మకం దగ్గర గీత పడుతుంది. ఇది, నొక్కకుండా ఆగితే ఆ ప్రశ్న రెండు జట్లలో ఎవరికైనా దక్కే అవకాశం చెరిసగం అనుకున్నప్పటి లెక్క. ఎదుటి జట్టులో మెరుపులాంటి ఆటగాడు ఉంటే ఆగడం వల్ల ప్రశ్న చేజారే ప్రమాదమే ఎక్కువ కాబట్టి గీత ఇంకా కిందికి దిగుతుంది. బలమైన జట్లు ఆడే చివరి రౌండ్లలో తప్పుడు తొందరలు కనిపిస్తే ఆటగాళ్లు తెలివి తప్పారని అనుకోకూడదు. అక్కడ ఆగేవాళ్లకు ప్రశ్న మిగలదు.

ఇంట్లో కూర్చుని చూసేవాళ్లకు ఈ బరువు తెలియదు. తప్పు చెప్పినా వాళ్లకు కోత లేదు, పక్కన ముగ్గురు సహచరులు లేరు, ప్రశ్న పూర్తిగా విన్నాక "ఇది నాకు తెలుసు" అనుకోవచ్చు. స్టూడియోలో జవాబు తెలియడం ఒక మెట్టు. ఎదుటి నలుగురి కంటే ముందు తెలుసని తనకు తాను నమ్మకం కలిగించుకోవడం ఇంకో మెట్టు. రెండోదే కష్టం.

గడియారం కూడా ఒక ఆటగాడే

యూనివర్సిటీ ఛాలెంజ్‌లో ప్రశ్నల సంఖ్యకు పరిమితి లేదు. సమయం ముగిశాక గంట మోగుతుంది, ఆట అక్కడితో సరి. బోనస్‌ల మధ్యలో మోగినా మిగిలిన బోనస్‌లు రావు. స్టార్టర్ సగం చదివి ఉన్నా అంతే.

దీంతో ఆఖరి రెండు నిమిషాల్లో రెండు జట్ల అవసరాలు వేరైపోతాయి. ముందున్న జట్టుకు ప్రతి సెకనూ ఆస్తి. బోనస్ మీద నిదానంగా చర్చించుకుంటే గడియారం వాళ్ల తరఫున ఆడుతుంది. వెనకబడిన జట్టుకు తెలియని బోనస్ మీద పది సెకన్లు ఆలోచించడమంటే రాబోయే స్టార్టర్‌ను చేతులారా పోగొట్టుకోవడమే. అందుకే అనుభవమున్న కెప్టెన్లు తెలియనిదానికి వెంటనే "పాస్" అనేస్తారు, లేదా తోచిన పేరు చెప్పి ముందుకు కదులుతారు. మూడు బోనస్‌లలో రెండు వదిలేసి త్వరగా కదలడం చూసేవారికి ఓటమి ఒప్పుకున్నట్టు కనిపించవచ్చు. లెక్క ప్రకారం అది సరైన పని. ఐదేసి పాయింట్ల కోసం తర్జనభర్జన పడటం కంటే 25 పాయింట్ల దాకా తెచ్చే కొత్త స్టార్టర్‌కు చేరుకోవడం మేలు.

ఈ సాగదీతకు అడ్డుకట్ట క్విజ్ మాస్టర్ చేతిలో ఉంది. త్వరగా చెప్పమని ఆయన తొందరపెడతారు. అయితే బోనస్‌కు ఇన్ని సెకన్లే అన్న గట్టి గీత తెర మీద కనిపించదు, ఆయన అంచనాయే గీత. తేడా వంద పాయింట్లు ఉన్న మ్యాచ్‌లో దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఐదు పాయింట్లు ఉన్నప్పుడు మాత్రం రెండు సెకన్ల ఓర్పు కూడా ఫలితాన్ని తాకవచ్చు.

అమెరికాలో విద్యార్థుల పోటీ క్విజ్‌లు ఈ చిక్కును రెండు రకాలుగా విప్పుకున్నాయి. కొన్ని టోర్నమెంట్లలో గడియారమే ఉండదు. 20 స్టార్టర్లు చదవడం పూర్తయ్యే దాకా ఆడతారు. ఇంకొన్నింట్లో తొమ్మిదేసి నిమిషాల రెండు భాగాలు ఉంటాయి, బోనస్ చర్చకు సెకన్ల లెక్క ఉంటుంది. టీవీకి మొదటి పద్ధతి కష్టం. కార్యక్రమం సమయానికి ముగియాలి కదా.

టై అయితే

గంట మోగేసరికి స్కోర్లు సమానమైతే ఒక స్టార్టర్ అడుగుతారు, ఎవరూ చెప్పలేకపోతే ఇంకోటి. ముందు సరిగ్గా చెప్పిన జట్టు గెలుస్తుంది. ప్రశ్న మధ్యలో నొక్కి తప్పు చెబితే ఐదు పాయింట్ల కోతతో అక్కడికక్కడే ఓటమి.

ఉత్కంఠకు ఇంతకన్నా మంచి ఏర్పాటు లేదు. న్యాయం మాటకొస్తే ఒక లోటు కనిపిస్తుంది. ఆటంతా రెండు నైపుణ్యాల మీద నడిచింది, ఒంటరి వేగం, ఉమ్మడి లోతు. టై బ్రేకర్ మొదటిదాన్నే పరీక్షిస్తుంది. పైన చెప్పిన రెండో దారిలో నడిచిన జట్లు టై దాకా వస్తే బజర్ జట్టుకు మొగ్గు ఉన్నట్టే. బోనస్‌లతో నెట్టుకొచ్చిన జట్టు తన బలం చూపే అవకాశం లేకుండానే పోతుంది.

టై నియమం మీద ఇలాంటి చర్చ క్రికెట్ ప్రేక్షకులకు కొత్త కాదు. 2019 జూలై 14న లార్డ్స్‌లో జరిగిన ప్రపంచ కప్ ఫైనల్‌లో ఇంగ్లండ్, న్యూజిలాండ్ చెరి 241 పరుగులు చేశాయి. సూపర్ ఓవర్‌లోనూ చెరి 15. చివరికి 26-17 తేడాతో ఎక్కువ బౌండరీలు కొట్టిన ఇంగ్లండ్‌కు కప్పు దక్కింది. పరుగుల ఆటలో బౌండరీల లెక్క ఎందుకన్న విమర్శ వచ్చింది, అదే ఏడాది అక్టోబరులో ఐసీసీ ఆ నియమం మార్చి, తేలేదాకా సూపర్ ఓవర్ ఆడాలంది. క్విజ్ టై బ్రేకర్ అంత దూరపు కొలత కాదు, ఆటలో ఉన్న నైపుణ్యాన్నే కొలుస్తుంది. అయినా సగాన్నే కొలుస్తుంది. స్టార్టర్‌తో పాటు దాని మూడు బోనస్‌లు కూడా అడిగి, ఎదుటి జట్టుకూ ఒక అవకాశం ఇచ్చే పద్ధతి న్యాయానికి దగ్గర. టీవీ సమయానికి మాత్రం దూరం.

పద్ధతి మారితే విజేత మారవచ్చు

దూరదర్శన్‌లో 1985లో సిద్ధార్థ బసు 'క్విజ్ టైమ్' మొదలైన కాలం నుంచి భారతీయ ప్రేక్షకులకు కాలేజీ జట్ల క్విజ్ పరిచయమే. మన దగ్గర ఎక్కువ వాడుకలో ఉన్నది వరుస పద్ధతి. ప్రతి జట్టుకూ తన వంతు ప్రశ్న వస్తుంది, చెప్పలేకపోతే పక్క జట్టుకు పాస్ అవుతుంది. ఇందులో బజర్ ఆందోళన లేదు. కానీ కూర్చునే స్థానం ముఖ్యమైపోతుంది. బలహీన జట్టు పక్కన కూర్చున్నవాళ్లకు పాస్ ప్రశ్నలు కోకొల్లలుగా వస్తాయి.

ఆ లోపం సరిదిద్దడానికి 'బౌన్స్' పద్ధతి వచ్చింది. ఒక జట్టు జవాబు చెప్పాక తర్వాతి ప్రశ్న దాని పక్క జట్టు నుంచి మొదలవుతుంది. స్థానబలం కొంత తగ్గింది. ఆపైన 'పౌన్స్' చేరింది. వంతు రాకముందే ఏ జట్టైనా జవాబు రాసి ఇవ్వవచ్చు. ఒప్పైతే పాయింట్లు, తప్పైతే కోత. ఒకే ప్రశ్నకు నాలుగు జట్లకు కూడా పాయింట్లు రావచ్చు. ఇక్కడ ఎవరు ముందు అన్నది లెక్కలోకి రాదు, తెలుసా తెలియదా అన్నదే లెక్క.

అమెరికన్ పోటీలలో ఇంకో సర్దుబాటు ఉంది. ప్రశ్నలో కష్టమైన భాగం నడుస్తుండగానే సరిగ్గా చెబితే 10కి బదులు 15 పాయింట్లు ఇస్తారు, ఒక్కో బోనస్‌కు 5 కాక 10 ఇస్తారు. స్టార్టర్‌కు 10, మూడు బోనస్‌లకు కలిపి 30 అన్నమాట. యూనివర్సిటీ ఛాలెంజ్‌లో ఇది 10కి 15. బోనస్ విలువలో ఈ ఒక్క మార్పుతోనే పైన చెప్పిన రెండో దారిలో ఫలితం తలకిందులవుతుంది. 11 స్టార్టర్లు, 13 బోనస్‌ల జట్టుకు 240 వస్తే, 9 స్టార్టర్లు, 16 బోనస్‌ల జట్టుకు 250 వస్తుంది. ఆటగాళ్లు అదే జవాబులు చెప్పారు, విజేత మాత్రం మారింది.

ఐదు పాయింట్ల తేడాతో గెలిచిన జట్టు విజయంలో దీనివల్ల రవ్వంత కూడా తగ్గదు. వాళ్లు ఆ నియమాల కింద ఆడి, ఆ నియమాల కిందే గెలిచారు. తగ్గేదల్లా "వాళ్లకు ఎక్కువ తెలుసు కాబట్టి గెలిచారు" అన్న వాదనకు ఉన్న బలం. 345 పాయింట్ల ఆటలో ఐదు పాయింట్లు అంత మాట మోయలేవు.

తీర్పుల బరువు

తేడా చిన్నదైనప్పుడు జవాబు ఒప్పా తప్పా అన్న నిర్ణయం కూడా బరువెక్కుతుంది. పేరు సగం చెబితే ఒప్పుకోవాలా, ఉచ్చారణ పక్కకు పోతే ఒప్పుకోవాలా, నోరు జారి మొదట అన్న మాట తీసుకోవాలా, వెంటనే సరిదిద్దుకున్నది తీసుకోవాలా వంటివి ప్రతి మ్యాచ్‌లోనూ ఎదురవుతాయి. ముందుగా రికార్డు చేసే కార్యక్రమం కాబట్టి సందేహం వస్తే ఆపి చూసుకునే వీలుంటుంది. ప్రత్యక్ష ప్రసారంలో ఆ వెసులుబాటు ఉండదు.

ప్రశ్నలతో సంబంధం లేని నియమం కూడా ఫలితం మార్చిన సందర్భం ఉంది. 2009 ఫైనల్‌లో ఆక్స్‌ఫర్డ్‌లోని కార్పస్ క్రిస్టి కాలేజీ 275-190 తేడాతో మాంచెస్టర్‌పై గెలిచింది. ఆ జట్టు సభ్యుల్లో ఒకరి చదువు రికార్డింగులు పూర్తయ్యేలోపే ముగిసిందని తేలడంతో కొద్ది రోజులకే జట్టును అనర్హులుగా ప్రకటించి టైటిల్ మాంచెస్టర్‌కు ఇచ్చారు. 85 పాయింట్ల ఆధిక్యం కూడా దాన్ని ఆపలేకపోయింది.

ఓడిన జట్టుకు ఏం మిగులుతుంది

దగ్గరి ఓటమి ఎంత బాధాకరమన్నది అది ఏ దశలో జరిగిందన్న దాని మీద ఆధారపడుతుంది. మొదటి రౌండ్‌లో 14 మ్యాచ్‌లు ఉంటాయి. ఓడిన 14 జట్లలో ఎక్కువ స్కోరు చేసిన నాలుగింటికి ఇంకో అవకాశం ఇచ్చి రెండు ప్లే ఆఫ్ మ్యాచ్‌లు ఆడిస్తారు. 170 స్కోరుతో మొదటి రౌండ్‌లో ఓడిన జట్టు తిరిగి వచ్చే ఆశ పెట్టుకోవచ్చు.

ఇక్కడ ఒక చిక్కుంది. స్కోరు ఎదుటి జట్టు ఆటతీరు మీద కూడా ఆధారపడుతుంది. నిదానంగా చర్చించుకునే జట్టుతో తలపడితే మొత్తం ప్రశ్నలే తక్కువ వస్తాయి. ఐదు పాయింట్లతో 130-125గా ఓడిన జట్టు ఇంటిదారి పట్టి, 40 పాయింట్ల తేడాతో 210-170గా ఓడిన జట్టు తిరిగి రావచ్చు. ఎంత దగ్గరగా ఓడారన్నది ఆ జాబితాలో లెక్కకు రాదు. ఎన్ని పాయింట్లు చేశారన్నదే లెక్క.

రెండో రౌండ్‌లో ఓడితే అంతే. క్వార్టర్ ఫైనల్స్‌లో మళ్లీ కాస్త ఊపిరి తీసుకునే వీలుంది. సెమీస్‌కు వెళ్లాలంటే రెండు మ్యాచ్‌లు గెలవాలి, ఇంటికి పోవాలంటే రెండు ఓడాలి. అదృష్టం ఒక్క రోజు అడ్డం తిరిగినా మంచి జట్టు నిలదొక్కుకునేందుకు చేసిన ఏర్పాటు ఇది. ఇరవై నాణేల లెక్క చూశాక ఈ ఏర్పాటు ఎంత అవసరమో అర్థమవుతుంది. ఒక మ్యాచ్‌లో సమాన జట్ల మధ్యే 70 పాయింట్ల తేడా మామూలుగా వస్తుంటే, ఒక్క మ్యాచ్‌తో మెరుగైన జట్టును తేల్చడం కష్టం.

సెమీ ఫైనల్, ఫైనల్ దగ్గరికి వచ్చేసరికి ఆ రక్షణ ఉండదు. అక్కడ ఒకే ఒక్క మ్యాచ్. 170 స్కోరుతో ఓడిన జట్టును మళ్లీ పిలిచే జాబితా ఫైనల్ తర్వాత లేదు.